ప్లస్ త్రీ పిల్లలకు టెన్షన్ తగ్గేలా పాఠం చెప్పడం ఎలా

ఒడిశాలోని మా బరంపురంలో డిగ్రీని ప్లస్ త్రీ అంటారు. కొత్తగా చేరిన లెక్చరర్లు స్టాఫ్‌రూంలో అడిగేవి సాధారణంగా రెండు సంగతులు. సిలబస్ ఎక్కడ దొరుకుతుంది, పిల్లలు క్లాసులో నోరెందుకు విప్పరు. మొదటిది ఎవరైనా చెబుతారు. రెండోదాని కోసం ఇది రాస్తున్నాను. నేను చెప్పేది స్టాటిస్టిక్స్, అందుకే ఉదాహరణలు అందులోంచే వస్తాయి.

విద్యార్థుల మానసిక ఆరోగ్యం అనగానే కాలేజీలు ఒక యోగా దినం, ఒక అతిథి ఉపన్యాసం, గోడ మీద ఒక పోస్టరుతో సరిపెడతాయి. వాటితో నష్టం లేదు. కానీ పిల్లలకు నిద్ర పట్టకుండా చేసేవి చాలావరకు మన చేతుల్లోనే ఉన్నాయి: పరీక్ష ఎప్పుడు పెడతాం, మార్కులు ఎలా చెబుతాం, గడువు ఎలా పెడతాం. వీటిని మార్చుకోవడానికి పై నుంచి ఆర్డరు రానక్కర్లేదు.

మొదటి వారం ఒక చీటీ రాయించండి. ఏ ఊరి నుంచి, ఎలా వస్తున్నారు, ప్లస్ టూ ఏ మీడియం, ఇంట్లో ఏ భాష, ఇవి చాలు. తండ్రి ఆదాయం, కులం అడగకండి, అవి ఆఫీసులో ఎలాగూ ఉంటాయి. ఆ చీటీలు చదివితే తరగతి అసలు రూపం తెలుస్తుంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్ళుంటారు. ఊళ్ళోనే పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదివి, తెలుగు అక్షరాలు రానివాళ్ళుంటారు. గజపతి జిల్లా కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లలుంటారు, వాళ్ళకు ఒడియా కూడా రెండో భాషే. ఇంత తెలిశాక పీరియడ్ మొదటి పది నిమిషాల్లో క్విజ్ పెట్టాలనిపించదు. పెడితే అది రైలు టైముకు పెట్టిన పరీక్ష అవుతుంది.

ఇక పాఠం. బోర్డు మీద ఐదు అంకెలు రాస్తాను: 5, 5, 10, 10, 120. ఐదు రోజులు రైలు ఎన్ని నిమిషాలు లేటయిందో ఆ లెక్క అనుకోమంటాను. సగటు ఎంత? ముప్పై. మరి ముప్పై నిమిషాలు లేటయిన రోజు వీటిలో ఉందా? లేదు. అయితే ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరాలో తేల్చుకోవడానికి ఈ ముప్పై పనికొస్తుందా? ఇక్కడ ఆగిపోవాలి. రెండు నిమిషాలు ఎవరికి వాళ్ళు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత మూడు నిమిషాలు పక్కవాళ్ళతో వాదించుకోవాలి, తెలుగైనా, ఒడియా అయినా, సవర అయినా సరే. చెయ్యెత్తమనడం ఆ తర్వాతే. చివరికి ఎవరో ఒకరు మధ్యలో ఉన్న అంకె, పది, నయమంటారు. మధ్యగతం అనే మాట అప్పుడు బోర్డెక్కుతుంది. ఆఖరి రెండు వాక్యాలు మాత్రం ఇంగ్లిషులో రాయిస్తాను, పరీక్ష ఇంగ్లిషులోనే కదా. ఆలోచన ఇంటి భాషలో తేలిపోతే, ఇంగ్లిషు రాయడం ఒక్కటే కష్టంగా మిగులుతుంది. లేకపోతే రెండు కష్టాలూ ఒకేసారి మీద పడతాయి.

'ఎవరికి అర్థం కాలేదు?' అని అడగకండి. దానికి చెయ్యెత్తే ధైర్యం ఉన్నవాడికి చాలావరకు అర్థమయ్యే ఉంటుంది. 'ముప్పై అనుకున్నవాళ్ళు ఎందుకనుకున్నారు?' అని అడిగి చూడండి, జవాబులు వస్తాయి. పిల్లల చేత ఇలా పని చేయించే పద్ధతుల మీద 2014లో అమెరికాలో 225 అధ్యయనాలను కలిపి చూశారు. సైన్సు, ఇంజినీరింగు, గణితం కోర్సుల్లో ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో సుమారు 34 శాతం మంది పరీక్ష తప్పితే, ఈ తరహా తరగతుల్లో తప్పినవాళ్ళు సుమారు 22 శాతం. ఆ అంకెలు మన దగ్గర అలాగే దిగుతాయని నేననను. కానీ తప్పిన పేపరు మళ్ళీ రాసే బ్యాక్ పేపర్ల భయం ఎంతో తెలిసినవాళ్ళకు ఆ తేడా చిన్నది కాదు.

మొదటి పరీక్ష మూడో వారంలోనే పెట్టండి, చిన్నదిగా, కొద్ది మార్కులకు. చదివిందే మళ్ళీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. అందులో గమ్మత్తేమిటంటే, చదివిన ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు, వారం తర్వాత పెడితే వెనకబడ్డారు. రాత్రంతా చదివి పొద్దున పరీక్ష రాసే మన పిల్లలకు ఈ సంగతి చెప్పి తీరాలి. ఇలాంటివి ఐదు పెట్టి, బాగా వచ్చిన నాలుగింటినే ఇంటర్నల్స్‌లో కలిపే వీలుంటే అలాగే చెయ్యండి. అప్పుడు జ్వరం వచ్చినవాడు సర్టిఫికెట్ పట్టుకుని మీ వెనక తిరగక్కర్లేదు.

పేపర్లు వారంలోపు ఇచ్చెయ్యాలి. మార్కుల వరసలో కట్ట పేర్చి, పేరు పిలిచి, పైకి చదివి ఇచ్చే అలవాటు మా వైపు ఇంకా ఉంది. నాకు అదంటే ఒళ్ళు మంట. పేపర్లు బోర్లా పెట్టి ఇవ్వడానికి ఏమైనా ఖర్చవుతుందా? పేపరు మీద 'ఇంకా బాగా చదవాలి' అని రాయడం కూడా దండగే. 'కూడిక సరిగ్గా వచ్చింది. భాగించేటప్పుడు 5 బదులు 4 వేశావు. ఏడో లెక్కలో ఇది సరిచేసి సోమవారం చూపించు' అని రాస్తే, ఆ పిల్లకు సోమవారం నా దగ్గరికి రావడానికి ఒక పని ఉంటుంది.

గడువుల సంగతి. అక్టోబరు రెండో వారంలో పెద్ద అసైన్‌మెంట్ ఏదీ పెట్టకండి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది అక్టోబరు 11న. కరెంటు లేని ఊళ్ళో పిల్లాడు పీడీఎఫ్ ఎక్కణ్ణుంచి పంపుతాడు? రెండేళ్ళకోసారి మా ఊళ్ళో వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రోజులు కూడా అంతే. పులివేషం రంగు చెవుల వెనక ఇంకా వదలని కుర్రాణ్ణి మొదటి బెంచీలో చూసి నవ్వొచ్చినా, ముందు రాత్రి వాడు నిద్రపోలేదని గుర్తుంచుకోవాలి. అందరి తేదీలూ కలిపి చూడటం మాత్రం ఒక్క లెక్చరర్ వల్ల అయ్యే పని కాదు, విశ్వవిద్యాలయమే చెయ్యాలి. అన్ని విభాగాల ఇంటర్నల్ తేదీలూ సెమిస్టర్ మొదట్లో ఒకే కాగితం మీద వేస్తే, ఒకే వారంలో నాలుగు పరీక్షలు పడటం అప్పుడే కనబడుతుంది.

హాజరు 75 శాతం కంటే తగ్గిందని పరీక్ష ఫారం ఫిలప్ రోజున చెప్పి లాభం లేదు. వరసగా రెండు వారాలు రానివాళ్ళ పేర్లు రాసుకుని ఫోన్ చెయ్యండి. 'ఏం బాబూ, ఇప్పటికి గుర్తొచ్చిందా కాలేజీ?' అంటే వాడు మళ్ళీ రాడు. 'కనబడటం లేదేం, ఇంట్లో అందరూ బాగేనా?' అంటే సంగతి చెబుతాడు. మా గంజాం జిల్లాలో ఆ సంగతి చాలాసార్లు పనికోసం సూరత్ వెళ్ళడమే అవుతుంది. అన్నయ్యో, మేనమామో అక్కడ మగ్గాల మీద ఉంటాడు, ఇంట్లో అప్పుంటుంది. వెళ్ళొద్దని మనం ఉపన్యాసం ఇవ్వలేం. కానీ ఏ పేపరు ఎప్పుడు రాయొచ్చు, బ్యాక్ పేపర్ ఫీజు గడువు ఎప్పుడు, అన్నవి ఒక కాగితం మీద రాసిస్తే తిరిగొచ్చే దారి మూసుకుపోదు.

ఎవరైనా చచ్చిపోవాలనుందని అంటే అది లెక్చరర్ ఒక్కరే మోసే విషయం కాదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, తోడుగా వెళ్ళండి. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువమంది చదివే సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మీ కాలేజీలో లేకపోతే ఈ ఆదేశం చూపించి ప్రిన్సిపాల్‌ను అడగండి.

'అరవై మంది పేపర్లు వారంలోపు ఎవరు దిద్దుతారు మేడమ్?' అని అడుగుతారని తెలుసు. అన్నీ దిద్దకండి. చిన్న పరీక్షలు క్లాసులోనే పేపర్లు మార్పించి, బోర్డు మీద జవాబులు వేసి పిల్లల చేతే దిద్దించండి, ఎవరెవరివి దిద్దుతున్నారో తెలియకుండా రోల్ నంబరు మాత్రమే రాయించండి. ప్రతి పరీక్షకూ వేరే పదిహేను మంది పేపర్లు తీసుకుని వాటి మీద మాత్రం వివరంగా రాయండి. నాలుగు పరీక్షలయ్యేసరికి అందరిదీ ఒకసారైనా మీ చేతికి వచ్చి ఉంటుంది.