స్కీల అడుగున మంచు ముద్దకట్టడం ఇలా ఆగింది

విస్కాన్సిన్‌లోని హేవర్డ్ దగ్గర అడవి బాటల్లో స్కీయింగ్ చేసే మనవాళ్లు, స్కీల (మంచు మీద జారడానికి కాళ్లకు తగిలించుకునే పొడవాటి పలకల) అడుగున మంచు ముద్దకట్టకుండా ఏం చేయాలని తరచూ అడుగుతున్నారు. సున్నా డిగ్రీల దగ్గర కొత్త మంచు పడితే స్కీ కదలదు. పాదం కింద చేప పొలుసుల్లాంటి గాట్లలో మంచు ముద్దకడుతుంది. కర్రతో కొట్టడం, బాటకేసి రుద్దడం, కొవ్వొత్తి మైనం రాయడం, ఏదీ నిలవలేదు.

ఎండలో తడిసిన అడుగుభాగం చెట్ల నీడలోకి రాగానే గడ్డకడుతుంది. అందుకే ముందు తడి పోవాలి. స్కీలను ఇంట్లో పెట్టి మంచు దానంతటదే కరగనిచ్చాను. గీకితే గాట్ల అంచులు అరుగుతాయి. పొడిగుడ్డతో గాటుగాటునా తుడిచాను. తర్వాత ఫ్లోరిన్ లేని ద్రవ మైనాన్ని ముందునుంచి వెనక్కి, గాట్ల మీద కూడా పలుచగా పూసి, పూర్తిగా ఆరాక నైలాన్ బ్రష్‌తో రుద్దాను.

అన్నిటికన్నా ముఖ్యం: బయలుదేరే ముందు స్కీలను బయట నీడలో నిలబెట్టి బాగా చల్లారనిచ్చాను. వెచ్చటి స్కీని మంచు మీద పెడితే మళ్లీ అదే కథ!

ఇది గాట్లున్న స్కీలకే. అడుగున గాట్లకు బదులు మోహేర్ (మేక బొచ్చు) పట్టీ ఉన్నవాటికి వేరే పూత వాడాలి. బాగా తడిమంచులో మాత్రం దారిలో మరోసారి పూయాల్సి వస్తోంది; చిన్న సీసా జేబులో ఉంచుకోండి.