హామ్ స్టూలో మసూర్ ఉడకడం లేదా? ముందు టమాటా సంగతి చూడండి

సమస్య: గంట దాటినా మసూర్ పలుకుగానే ఉంది

హామ్ (ఉప్పు పట్టించిన పంది తొడ మాంసం) మెత్తబడింది, క్యారెట్ నలిగిపోతోంది, మసూర్ మాత్రం పంటికి గట్టిగా తగులుతోంది. ఇలాంటప్పుడు చాలామంది మంట పెంచుతారు. దానివల్ల అడుగంటుతుంది తప్ప గింజ ఉడకదు. పొట్టు తీయని గోధుమరంగు మసూర్ సన్నని సెగ మీద 30 నుంచి 40 నిమిషాల్లో మెత్తబడాలి. అలా జరగలేదంటే ముందు అడగాల్సింది ఒకటే: టమాటా ఎప్పుడు వేశారు? మసూర్‌తో పాటే వేసి ఉంటే కారణం దాదాపు దొరికినట్టే. పులుపు తగిలిన గింజలో పెక్టిన్ (కణాలను అతికించి ఉంచే జిగురులాంటి పదార్థం) సరిగ్గా కరగదు, అందుకే గట్టిగా ఉండిపోతుంది. టమాటా, వైన్, వెనిగర్, నిమ్మరసం ఏదైనా సరే, మసూర్ మెత్తబడ్డాకే వేయాలి.

ఇది చూడకుండా అందరూ హామ్‌లోని ఉప్పును అనుమానిస్తారు. ఉప్పు తప్పేమీ లేదు. ఉప్పులోని సోడియం పొట్టు మెత్తబడటానికి సాయమే చేస్తుంది.

"టమాటా కొంచెమే వేశాను, అంత పులుపు కూడా లేదు, అయినా ఉడకలేదు" అంటారా? నన్ను ఎక్కువగా ఏడిపించిన కారణం ఇదే. డబ్బా టమాటా ముక్కలు వాడితే డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. చాలా రకాల్లో కాల్షియం క్లోరైడ్ ఉంటుంది. కొన్నిటి మీద దాని కోడ్ E509 అని రాసి ఉంటుంది. ముక్కలు చితికిపోకుండా గట్టిగా ఉండాలని దాన్ని కలుపుతారు. టమాటా ముక్కను గట్టిగా ఉంచే ఆ కాల్షియమే మసూర్ గింజలోని పెక్టిన్‌నూ బిగించేస్తుంది. సగం ఉడికిన మసూర్‌లో వేసినా ఇంతే, ఆ సగం దగ్గరే ఆగిపోతుంది. కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువగా ఉన్నా ఇదే జరుగుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే అనుమానించాల్సిందే.

ఏది కారణమో తేల్చడం తేలికే. అదే మసూర్ గుప్పెడు తీసుకుని, ఏమీ కలపకుండా కుళాయి నీళ్లలో విడిగా ఉడకబెట్టండి. ఉడికితే తప్పు టమాటాదే. ఉడకకపోతే ఈసారి ఫిల్టర్ నీళ్లతో చేయండి. అప్పుడు ఉడికితే తప్పు నీళ్లది. రెండిట్లోనూ ఉడకకపోతే మసూర్ పాతబడిపోయింది, కొత్తది కొనుక్కోండి.

పొయ్యి మీదున్న స్టూను కాపాడుకోవాలంటే వేడినీళ్లు కొద్దిగా పోసి, రెండు లీటర్ల స్టూకు పావు టీస్పూన్ వంటసోడా కలపండి. పులుపు ఉంటే నురగ పొంగుతుంది, గిన్నెలో ఖాళీ ఉండేలా చూసుకోండి. మూత పెట్టి, మధ్యమధ్యలో అడుగు కదుపుతూ 20 నిమిషాలు ఉంచి చూడండి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, అందుకే ఒకేసారి గుమ్మరించొద్దు.

సమస్య: ఉప్పు భరించలేనంతగా ఉంది

హామ్‌లో ఉప్పు, సూపు రుచి కోసం వేసే బిళ్ల, అంటే స్టాక్ క్యూబ్‌లో ఉప్పు, పైగా ఉడికేకొద్దీ నీళ్లు తగ్గుతాయి. చివర్లో రుచి చూసేదాకా అసలు ఉప్పే వేయొద్దు. ఇప్పటికే ఎక్కువైతే, ఉప్పు లేకుండా విడిగా ఉడికించిన మసూర్‌ను ఆ నీళ్లతో సహా కలపండి. బంగాళదుంప వేస్తే ఉప్పు పీల్చేసుకుంటుందన్న మాట నమ్మకండి. దుంపలోకి ఉప్పునీళ్లు పోతాయి, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. ఎముకతో ఉన్న ఉప్పు హామ్ అయితే, ముందురోజు రాత్రే నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి.

సమస్య: మసూర్ ముద్దయిపోయింది

పొట్టు తీసిన ఎర్ర మసూర్ పప్పు వాడి ఉంటారు. అది 20 నిమిషాల్లోపే చెదిరిపోతుంది, గింజగా నిలవదు. ఎముకతో ఉన్న హామ్ మెత్తబడటానికి రెండు మూడు గంటలు పడుతుంది కాబట్టి దాన్ని ముందే ఉడికించి, మసూర్ తర్వాత వేయాలి. ముందే వండిన హామ్ ముక్కలైతే చివరి పది నిమిషాలు చాలు.

ఎత్తైన కొండ ప్రాంతంలో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, అక్కడ ప్రెషర్ కుక్కర్ వాడండి.