లంబసింగి చలిలో హాయిగా నిద్రపట్టాలంటే: టెంటు, పడక ఎంచుకునే పద్ధతి

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, వంజంగి, అరకు ప్రాంతాల్లో టెంటు వేసుకుని రాత్రి గడపాలనుకునేవారు చాలామంది ముందు మంచి టెంటు కొని, మిగిలిన డబ్బుతో పడక సంగతి చూసుకుంటారు. ఈ వరుస తిరగబడాలన్నది నా గట్టి అభిప్రాయం. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. టెంటు గాలిని, మంచును అడ్డుకుంటుందే గాని, పడుకున్నవారి ఒంట్లోని వేడిని నేల లాగేసుకోకుండా ఆపలేదు.

కనుక మొదట ఎంచుకోవలసినది అడుగున పరిచే మ్యాట్. స్లీపింగ్ బ్యాగు ఎంత మందంగా ఉన్నా, మన బరువుకు దాని అడుగుభాగం అణిగిపోయి, వెచ్చదనాన్ని పట్టి ఉంచే గాలి అందులో మిగలదు. మ్యాట్ చలిని ఎంతవరకు ఆపగలదో దాని మీద ముద్రించిన ‘ఆర్’ విలువ తెలుపుతుంది. మన కొండల చలికి అది 3 దాకా ఉంటే చాలు. ఒకదానిపై ఒకటి పరిస్తే రెండు మ్యాట్ల విలువలూ కలుస్తాయి కాబట్టి, మామూలు ఫోమ్ మ్యాట్లు రెండు పరిచినా ఫలితం ఉంటుంది. ఇంట్లో చుట్టాల కోసం వాడే గాలి పరుపు మెత్తగానే ఉంటుంది గాని, దాని లోపలి గాలి కదులుతూ వేడిని నేలకు చేరవేయడం వల్ల తెల్లవారుజామున వీపు చల్లబడుతుంది.

స్లీపింగ్ బ్యాగు మీద సాధారణంగా రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి. ‘లిమిట్’ అన్నది ముడుచుకుని పడుకుని ఎలాగో ఓర్చుకోగల స్థాయి. హాయిగా నిద్రపోవాలంటే ‘కంఫర్ట్’ అన్న అంకెనే చూడాలి, అది 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండాలి. పక్షి ఈకల బ్యాగు తేలికైనదే అయినా తడిస్తే వెచ్చదనం కోల్పోతుంది. మంచు దట్టంగా కురిసే ఈ కొండల్లో సింథటిక్ బ్యాగే నమ్మదగినది.

ఇక టెంటు విషయానికి వస్తే, ‘ఇద్దరికి’ అని రాసినదానిలో ఇద్దరు ఒరుసుకుని పడుకోవలసిందే, సామానుకు చోటుండదు. ఇద్దరు వెళ్తుంటే ముగ్గురి టెంటు తీసుకోవాలి. లోపల వలగుడ్డ, పైన వేరుగా వాననీటిని ఆపే కప్పు ఉన్న రెండు పొరల టెంటు మేలు. మన ఊపిరిలోని తేమ చల్లని గుడ్డకు తగిలి నీటి చుక్కలుగా మారుతుంది కాబట్టి, చలి వేసినా గాలి కిటికీలు పూర్తిగా మూయకూడదు. నిప్పుల కుంపటిని టెంటులోకి ఎట్టి పరిస్థితిలోనూ తేరాదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చల్లగాలి పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది కాబట్టి లోయ అడుగున కాక, కాస్త మెరకన చదునైన చోటు వెతకాలి. గిరిజన రైతుల వలిసె చేలల్లో వారి అనుమతి లేకుండా మేకు దిగగొట్టడం తగదు. టెంటు కింద పరిచే టార్పాలిన్ అంచులు బయటకు కనబడితే వాటి మీద పడిన నీరు అడుగుకు చేరుతుంది కాబట్టి వాటిని లోపలికి మడవాలి. ఉదయం మంచుకు తడిసిన టెంటును అలాగే చుట్టి తెచ్చినా, ఇంటికి చేరిన రోజే నీడలో ఆరబెట్టకపోతే బూజు పట్టి గుడ్డ పాడవుతుంది.