క్రూయిజ్ ఓడ క్యాబిన్‌లో సినిమాలు, సిరీస్‌లు ఎలా చూడాలి?

వారం రోజుల సముద్ర ప్రయాణంలో క్యాబిన్‌లో గడిపే సమయం ముందు అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది. పసిపిల్లలు మధ్యాహ్నం నిద్రపోతే ఎవరో ఒకరు గదిలో ఉండాలి. రేవులో తిరిగి వచ్చిన పెద్దవాళ్లు కాసేపు నడుం వాలుస్తారు. వాన పట్టుకుంటే డెక్కు మీద కూర్చోవడం కుదరదు. అప్పుడు చేయి రిమోట్ వైపు వెళుతుంది. ఇంట్లో చూస్తూ సగంలో ఆపిన సిరీస్ దొరకకపోతే, ఇంటర్నెట్‌లో బొమ్మ గిర్రున తిరుగుతూ ఉండిపోతే ఆ విశ్రాంతి కాస్తా చిరాకుగా మారుతుంది.

నా సలహా అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: చూడదలచుకున్నది మీ ఫోనులోనో ట్యాబ్లెట్‌లోనో దించుకుని ఓడ ఎక్కండి. గదిలో టీవీ, ఓడ ఇంటర్నెట్ ఎంత బాగున్నా వాటిని అదనంగానే లెక్కవేసుకోండి.

1. టికెట్టు తీసుకున్నాక, గదిలో ఏముంటుందో తెలుసుకోండి

దాదాపు ప్రతి క్యాబిన్‌లోనూ ఫ్లాట్ టీవీ ఉంటుంది. అందులో మూడు రకాలవి వస్తాయి. ఉపగ్రహం ద్వారా వచ్చే కొన్ని వార్తా, క్రీడా, వినోద ఛానళ్లు. ఓడ సొంతంగా నడిపే ఛానళ్లు. అడిగినప్పుడు వేసుకునే సినిమాలు. ఈ మూడోదానిలోనే కంపెనీకీ కంపెనీకీ తేడా ఎక్కువ. డిస్నీ ఓడల్లో ఆ సంస్థ సినిమాలు గదిలో ఉచితంగా చూడవచ్చు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, వైకింగ్ ఓడల్లోనూ ఉచిత సినిమాల జాబితా ఉంటుంది. కొన్ని కంపెనీలు సినిమాకు ఇంత అని బిల్లులో వేస్తాయి. ఒకే కంపెనీలో కూడా కొత్త ఓడకూ పాత ఓడకూ తేడా ఉంటుంది కాబట్టి కంపెనీ పేరుతో ఆగకుండా మీ ఓడ పేరు పెట్టి అడగండి.

ఇంట్లో వచ్చే ఛానళ్లు అక్కడ రావు. ప్రసార హక్కులు దేశాలవారీగా ఉంటాయి, ఓడ దేశాలు దాటుతూ పోతుంది. భాషల ఎంపిక కూడా తక్కువే. ఇంగ్లీషు, మరికొన్ని పెద్ద భాషలు దాటి అరుదుగా ఉంటాయి. మీ భాషలో చూడాలనుకుంటే రెండో మెట్టును అసలు వదలకండి.

2. ఇంట్లో ఉండగానే దించుకోండి

ఈ పని ప్రయాణానికి ముందు రాత్రికి వాయిదా వేయవద్దు. సామాను సర్దే హడావిడిలో సగమే అవుతుంది. మూడు నాలుగు రోజుల ముందు మొదలుపెట్టండి.

ముందు ఫోనులో ఖాళీ చూసుకోండి. మామూలు నాణ్యతలో గంట వీడియోకు 1 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు పట్టవచ్చని లెక్క వేసుకుంటే ఇబ్బంది రాదు. ఫోను తెరకు మామూలు నాణ్యత సరిపోతుంది. పెద్ద టీవీకి కలిపి చూడదలచుకున్న రెండు మూడు సినిమాలను మాత్రం మంచి నాణ్యతలో దించుకోండి.

చాలామంది గమనించని సంగతి గడువు. దించుకున్నది శాశ్వతంగా మీది కాదు. నెట్‌ఫ్లిక్స్‌లో కొన్నిటికి ప్లే నొక్కిన 48 గంటల్లో గడువు తీరిపోతుంది. మరికొన్నిటికి కొన్ని రోజుల గడువు ఉంటుంది. ప్రైమ్ వీడియోలోనూ ఇలాంటి పరిమితులే. మళ్లీ తెరవాలంటే ఇంటర్నెట్ అడుగుతుంది, నడిసముద్రంలో అదే దొరకకపోవచ్చు. అందుకే దించుకున్నాక 'ఎలా ఉందో చూద్దాం' అని ప్లే నొక్కకండి. దించుకున్న జాబితాలో పక్కనే గడువు తేదీ చూపిస్తే దాన్ని చూసి, ముందు తీరిపోయేవి ముందు చూసేలా వరస పెట్టుకోండి.

ఇంకొకటి, ఒక దేశంలో దించుకున్న సినిమా మరో దేశంలో తెరుచుకోకపోవచ్చు. ఆ సేవకు అక్కడ హక్కు లేకపోతే గుర్తు మాత్రం కనిపిస్తుంది, బొమ్మ రాదు. అందుకని ఒకే యాప్‌ను నమ్ముకోకుండా రెండు మూడింటిలో సర్దుకోండి. మీరు కొనుక్కున్న పాటలు, ఆడియో పుస్తకాలు, ఇంట్లో తీసుకున్న వీడియోలు ఫైళ్లుగా ఉంటే ఇంకా మంచిది, వాటికి ఈ చిక్కులేవీ ఉండవు.

ల్యాప్‌టాప్ మీద ఆశ పెట్టుకున్నవారికి ఒక హెచ్చరిక. నెట్‌ఫ్లిక్స్ 2024లో విండోస్ యాప్‌ను మార్చినప్పుడు దించుకునే వీలును తీసేసింది. యాపిల్ కంప్యూటర్లలో ఆ వీలు మొదటినుంచీ లేదు. కాబట్టి ఆ సేవకు ఫోను, ట్యాబ్లెటే దారి.

అన్నీ దించుకున్నాక ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, జాబితా తెరుచుకుంటోందో లేదో చూడండి. దాచుకున్నవాటిని నెట్ లేకుండా చూపించని యాప్ ఏదైనా ఉంటే ఇంట్లోనే బయటపడుతుంది.

3. పెట్టెలో ఏమి పెట్టుకోవాలి?

హెచ్‌డీఎంఐ కేబుల్ (ఫోనులోని బొమ్మను, మాటను టీవీకి చేర్చేది) ఒకటి, కాస్త పొడుగుది, రెండు మీటర్లయినా ఉండాలి. క్యాబిన్ టీవీలు గోడకు బిగించి ఉంటాయి, రంధ్రాలు వెనకనో పక్కనో ఇరుకులో ఉంటాయి. దానికి తోడు మీ ఫోనుకు తగిన అడాప్టర్. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి యూఎస్‌బీ-సీ, అంతకుముందు వాటికి లైట్నింగ్. ఆండ్రాయిడ్ ఫోన్లలో రంధ్రం ఒకేలా కనిపించినా అన్నిటి నుంచీ బొమ్మ బయటికి రాదు. కొన్ని యాప్‌లు కేబుల్ ద్వారా చూపించడానికి ఒప్పుకోవు, మాట వినిపిస్తుంది, తెర నల్లగా ఉంటుంది. ఇంట్లో టీవీకి ఒకసారి కలిపి చూసుకుంటే ఈ రెండు అనుమానాలూ తీరిపోతాయి.

హెడ్‌ఫోన్లు తప్పకుండా తీసుకోండి. క్యాబిన్ గోడలు పల్చన, పైగా గదిలో ఒకరు నిద్రపోతుంటే ఇంకొకరు చూడగలగాలి. ట్యాబ్లెట్‌ను నిలబెట్టే చిన్న స్టాండు కూడా పనికొస్తుంది.

తీసుకెళ్లకూడనివి కూడా ఉన్నాయి. సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే పరికరాలను కాపాడే భాగం) ఉన్న పవర్ స్ట్రిప్పును తీసుకెళ్లకండి. ఓడల్లో విద్యుత్తు అమరిక ఇంట్లోలాంటిది కాదు. చాలా ఓడల్లో రెండు తీగల్లోనూ వోల్టేజీ ఉంటుంది. ఇంటి కోసం తయారైన సర్జ్ ప్రొటెక్టర్ అలాంటి చోట వేడెక్కి మంటకు కారణం కావచ్చు. అమెరికా తీర రక్షక దళం 2013లో దీనిమీద ప్రత్యేక భద్రతా హెచ్చరిక ఇచ్చింది. అలాంటివి తనిఖీలో కనిపిస్తే తీసి పక్కన పెడతారు. ఎక్స్‌టెన్షన్ తీగలను, వైఫై రౌటర్లను కూడా పలు కంపెనీలు నిషేధించాయి. మీ కంపెనీ నిషేధ జాబితా ఒకసారి చదివి సర్దుకోండి. నడిసముద్రంలో మంట అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఈ నియమాన్ని విసుక్కోరు.

4. ఇంటర్నెట్ ప్యాకేజీ కొనేముందు

ఒకప్పుడు ఓడ ఇంటర్నెట్ అంతా భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహాల మీదే నడిచేది. సంకేతం అంత దూరం వెళ్లి రావాలి, వేల మంది ఆ సన్నని దారినే పంచుకోవాలి. వీడియో ఆగి ఆగి రావడానికి కారణం అదే. ఇప్పుడు స్టార్‌లింక్ అనే ఇంటర్నెట్ సేవ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతున్నాయి. 2022లో రాయల్ కరీబియన్ తన ఓడలన్నిటికీ దాన్ని పెడుతున్నట్టు ప్రకటించాక మిగతా పెద్ద కంపెనీలు కూడా ఆ దారి పట్టాయి. దాంతో ఓడలో సిరీస్ చూడటం నిజంగా సాధ్యమైంది.

కానీ ప్యాకేజీల్లో అంచెలున్నాయి. తక్కువ ధరది సందేశాలకు, సోషల్ మీడియాకు మాత్రమే కావచ్చు. వీడియో స్ట్రీమింగ్ ఉందని స్పష్టంగా రాసి ఉంటేనే దానికోసం డబ్బు పెట్టండి. రాయల్ కరీబియన్ లాంటివి ప్యాకేజీ పేరులోనే స్ట్రీమ్ అన్న మాట పెడతాయి. ధర ఒక్క పరికరానికా, నలుగురికా అన్నది కూడా చూడండి. కుటుంబం మొత్తానికి ఒకే పరికరం ప్యాకేజీ కొని, ఒకరు లాగౌట్ అయ్యాక ఇంకొకరు లాగిన్ అవుతూ వాడుకోవడం చాలాచోట్ల కుదురుతుంది. బయలుదేరకముందే వెబ్‌సైటులో కొంటే ధర తగ్గడం మామూలే.

సాయంత్రం అందరూ గదులకు చేరే వేళ వేగం పడిపోతుంది, తెల్లవారుజామున బాగుంటుంది. రేవులో దిగినప్పుడు మంచి వైఫై దొరికితే కొత్త భాగాలు అక్కడే దించుకోండి. ఓడ వైఫైకి కలిసేముందు ఫోటోలు తమంతట తాము ఎక్కడం, యాప్‌లు అప్‌డేట్ కావడం ఆపేయండి.

ఇక ఇది మరవకండి: ఓడ తీరం వదిలాక ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, వైఫైని మాత్రం వేరుగా ఆన్ చేసుకోవాలి. లేకపోతే ఫోను ఓడలోని మొబైల్ నెట్‌వర్క్‌కు తనంతట తానే కలిసి, మామూలు రోమింగ్ ప్లాన్‌లో లేని భారీ బిల్లు తెస్తుంది.

5. ఎక్కిన రోజే టీవీని పరీక్షించండి

గదిలోకి రాగానే టీవీ వేయండి. భద్రతా వీడియో వస్తుంటే పూర్తిగా చూడండి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ప్రమాదం తర్వాత అంతర్జాతీయ నియమాలు మారి, ఓడ బయలుదేరేలోపో బయలుదేరిన వెంటనేనో ప్రయాణికులకు భద్రతా శిక్షణ తప్పనిసరి అయింది. చాలా ఓడల్లో అందులో కొంత భాగం క్యాబిన్ టీవీలోనో ఫోనులోనో పూర్తి చేయాలి. ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటు కూడా అప్పుడే తెలుస్తుంది.

తర్వాత హెచ్‌డీఎంఐ రంధ్రం చేతికి అందుతుందో, రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చే మీట ఉందో చూడండి. కొన్ని ఓడల్లో టీవీని హోటల్ పద్ధతిలో బిగించేసి ఇన్‌పుట్ మార్చనివ్వరు. నా మొదటి ప్రయాణంలో కేబుల్, అడాప్టర్, స్ట్రీమింగ్ స్టిక్ (టీవీకి గుచ్చితే ఇంటర్నెట్ వీడియోలు చూపే చిన్న పరికరం) అన్నీ మోసుకెళ్లాను, రిమోట్‌లో ఆ మీటే లేదు. క్యాబిన్ చూసే అతన్ని అడిగితే మర్యాదగా కుదరదన్నాడు. ఆ వారమంతా ట్యాబ్లెటే గట్టెక్కించింది. కాబట్టి లేకపోతే టీవీని గెలికి పాడుచేయకండి, అడిగి ఊరుకోండి.

6. స్ట్రీమింగ్ స్టిక్ తీసుకెళ్లినవారికి

ఓడ వైఫైలో చేరాలంటే ఒక పేజీ తెరిచి గది నంబరో పాస్‌వర్డో ఇవ్వాలి. ఫైర్ టీవీ స్టిక్ ఆ పేజీని తెరవగలదు. రోకు అనే స్టిక్కులో ఫోను సాయంతో చేసే అమరిక ఉంది. పాత క్రోమ్‌కాస్ట్‌తో ఇది కుదరదు. ఫోను నుంచి టీవీకి వైఫై మీద బొమ్మ పంపుదామన్నా, ఓడ నెట్‌వర్క్‌లో ఒక పరికరం ఇంకొకదాన్ని చూడకుండా అడ్డు పెడతారు. వేల మంది వాడే నెట్‌వర్క్‌లో అది మీ భద్రత కోసమే. కేబుల్ మీద అంత పట్టు పట్టింది అందుకే. స్టిక్ కూడా ఒక పరికరంగా ప్యాకేజీ లెక్కలోకి వస్తుంది.

7. ఓడ సొంత ఛానళ్లను తప్పక తిప్పి చూడండి

ఓడ ముందుభాగంలోని కెమెరా చూపే దృశ్యం, పక్కన వేగం, గాలి, మ్యాపు మీద ఓడ ఉన్న చోటు: ఈ ఛానల్ నాకు ఏ సినిమాకన్నా ఇష్టం. కిటికీ లేని లోపలి గదిలో ఉన్నవారు రాత్రి దాన్ని శబ్దం ఆపి వదిలేస్తే, తెల్లవారిందో లేదో తెర మీద వెలుగే చెబుతుంది. కటిక చీకట్లో నిద్రలేచి వేళ తెలియక తికమకపడేవారికి ఇది పెద్ద సాయం. ఈ అవసరాన్ని కంపెనీలు కూడా గుర్తించాయి. 2011లో డిస్నీ డ్రీమ్ ఓడ లోపలి గదుల్లో బయటి దృశ్యం చూపే గుండ్రటి తెరలు వచ్చాయి. 2014లో రాయల్ కరీబియన్ ఓడ నావిగేటర్ ఆఫ్ ది సీస్‌లో గోడ పొడవున బాల్కనీలా కనిపించే తెరలు పెట్టారు. రేపటి రేవు గురించిన ప్రసంగం, నాటకశాలలో జరిగిన కార్యక్రమాల పునఃప్రసారం, కొన్ని ఓడల్లో మీ ఖాతాలో ఎంత ఖర్చయిందన్న లెక్క కూడా ఈ టీవీలోనే దొరుకుతాయి.

ప్రత్యక్ష ఆటల సంగతి వేరు, వాటిని ముందే దించుకోలేము. విమానాలకూ ఓడలకూ ప్రత్యేకంగా నడిచే స్పోర్ట్ 24 ఛానల్ మీ ఓడలో వస్తుందో, మీకు కావలసిన ఆట అందులో ఉందో అతిథి సేవల బల్ల దగ్గర అడగండి. గదిలో రాకపోయినా బార్‌లోని పెద్ద తెర మీద వేయవచ్చు. అలాస్కా, నార్వే వంటి ఉత్తర ప్రాంతాల్లో ఉపగ్రహం ఆకాశంలో బాగా కిందకు ఉంటుంది. ఓడ ఇరుకైన కొండల మధ్యకు వెళ్లినప్పుడు ఆ కొండే అడ్డమై ఛానళ్లు ఆగిపోతాయి. టీవీ చెడిపోయిందని కంగారుపడకండి, మలుపు తిరిగాక మళ్లీ వస్తాయి.

ఓడ ఊగి కడుపులో తిప్పుతున్నప్పుడు మాత్రం తెర చూడవద్దు, వికారం పెరుగుతుంది. కళ్లు మూసుకుని, దించుకున్న ఆడియో పుస్తకమో పాటలో వినండి.

8. దిగేముందు

ఆఖరి రాత్రి సామాను బయట పెట్టే హడావిడిలో టీవీ వెనక ఉన్న స్టిక్కు, కేబుల్ మరచిపోవడం చాలా సులువు. పెట్టె మూసేముందే వాటిని తీసేయండి. క్యాబిన్ టీవీలోని ఏదైనా యాప్‌లో మీ ఖాతాతో లాగిన్ అయి ఉంటే లాగౌట్ కావాలి. మధ్యాహ్నానికల్లా ఆ మంచం మీద, ఆ టీవీ ముందు ఇంకొకరు కూర్చుంటారు.