శీతోష్ణస్థితి పట్టికను చూసి సహజ వృక్షసంపదను గుర్తించడం ఎలా?

ఏ ప్రాంతపు శీతోష్ణస్థితి పట్టికలోనైనా ప్రధానంగా రెండు వరుసలుంటాయి: పన్నెండు నెలల సగటు ఉష్ణోగ్రత, పన్నెండు నెలల సగటు వర్షపాతం. ఈ ఇరవై నాలుగు అంకెలను సరైన క్రమంలో చదవగలిగితే, మనిషి గొడ్డలీ నాగలీ పట్టకముందు అక్కడ అడవి ఉండేదా, గడ్డి ఉండేదా, బీడు నేల ఉండేదా అన్నది చాలావరకు చెప్పవచ్చు. సాధారణంగా అందరి చూపూ ముందు ఏడాది మొత్తం వర్షపాతం మీద పడుతుంది. దాన్ని చివరికి అట్టిపెట్టమని నా సలహా, ఎందుకంటే పట్టికలో అన్నింటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించే అంకె అదే.

ముందుగా అత్యంత వెచ్చని నెల ఏదో చూడాలి. ఉత్తరార్ధగోళంలో అది సాధారణంగా జూలై, దక్షిణార్ధగోళంలో జనవరి. ఆ నెల సగటు 10 డిగ్రీల సెల్సియస్‌కు చేరకపోతే అక్కడ చెట్లు ఉండవని, నాచు, లైకెన్లు, నేలకు అంటుకుని పెరిగే పొదలతో కూడిన టండ్రా ఉంటుందని భావించవచ్చు. చెట్టు కాండం కట్టుకోవడానికి కొన్ని వారాల వెచ్చదనం తప్పనిసరి. నేలబారు మొక్కలకు మాత్రం ఎండకు కాగిన నేల పక్కనే ఉండటం వల్ల, పైనున్న గాలి చల్లగా ఉన్నా కొంత వేడి అందుతుంది. తరువాత అత్యంత చల్లని నెలను చూడాలి. అది కూడా 18 డిగ్రీలకు తగ్గకపోతే అది ఉష్ణమండలం. అక్కడ ప్రతి నెలా కనీసం 60 మి.మీ. వాన పడితే సతతహరిత వర్షారణ్యం ఉంటుంది. ఈ హద్దు గీతలను గీసిన శీతోష్ణస్థితి శాస్త్రజ్ఞుడు వ్లాదిమీర్ కోపెన్ వృక్షశాస్త్రం చదివినవాడు. 1884లో ఉష్ణోగ్రతా మండలాల తొలి పటం వేసిన ఆయన, తరువాతి వర్గీకరణలో మొక్కల సరిహద్దులను చూసి వాటికి సరిపోయే అంకెలను వెతికాడు. కాబట్టి ఈ అంకెలు మొక్కలను బాగా సూచించడంలో వింతేమీ లేదు.

ఇక అసలైన మెట్టు, వానను వేడితో తూచడం. ఇందుకు ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆన్రీ గోసెన్ పేరుతో వాడుకలో ఉన్న సూత్రం చాలా సులువైనది: ఒక నెలలో మిల్లీమీటర్లలో పడిన వాన, ఆ నెల ఉష్ణోగ్రతకు రెట్టింపు కన్నా తక్కువైతే అది మొక్కలకు పొడి నెల. సైబీరియాలోని వెర్ఖోయాన్స్క్‌ను, సూడాన్ రాజధాని ఖార్టూమ్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. రెండు చోట్లా ఏడాది వర్షపాతం 200 మి.మీ. లోపే. ఖార్టూమ్‌లో ఏడాది సగటు ఉష్ణోగ్రత దాదాపు 30 డిగ్రీలు కావడంతో, పడిన కొద్దిపాటి నీరు కూడా ఆవిరైపోయి ఎడారి మిగులుతుంది. వెర్ఖోయాన్స్క్‌లో జనవరి సగటు సున్నాకు దిగువన 45 డిగ్రీల చుట్టూ ఉంటుంది, జూలైలో మాత్రం 16 దాకా ఎక్కుతుంది. అంటే చెట్లకు కావలసిన 10 డిగ్రీల గీత దాటినట్టే. వేసవి చిన్నది, ఆవిరయ్యేది తక్కువ. పైగా శాశ్వతంగా గడ్డకట్టిన అడుగు నేల నీటిని లోపలికి ఇంకనివ్వక వేళ్ల దగ్గరే ఆపుతుంది. అందువల్ల అక్కడ లార్చ్ అడవి పెరుగుతుంది. లార్చ్, సాధారణంగా ఏడాదంతా పచ్చగా ఉండే శృంగాకార వృక్షాల కోవలోదే అయినా, శీతాకాలానికి ముందే సూదుల్లాంటి తన ఆకులను రాల్చేసుకుంటుంది.

వాన ఏ కాలంలో పడుతుందన్నది అంతే ముఖ్యం. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఏటా సుమారు 730 మి.మీ., లండన్‌లో సుమారు 600 మి.మీ. వాన పడుతుంది. మొత్తాన్ని మాత్రమే చూస్తే పెర్త్‌లోనే పచ్చదనం ఎక్కువనిపిస్తుంది. కానీ పెర్త్‌లో జనవరి సగటు సుమారు 24 డిగ్రీలు. సూత్రం ప్రకారం 48 మి.మీ. కావలసిన ఆ నెలలో 20 కూడా పడదు. వాన ప్రధానంగా శీతాకాలంలో కురుస్తుంది, కావలసినప్పుడు ఉండదు. అందుకే అక్కడి చెట్లు తేమను వదలని దళసరి, గట్టి ఆకులు తొడుక్కున్నాయి. మధ్యధరా తీరం, కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతం కూడా ఈ కోవలోవే. చుట్టరికం లేని మొక్కలు కూడా వాటిలో ఒకే రకం ఆకుతో కనిపిస్తాయి. లండన్‌లో వేసవి నెలలు సైతం పొడి కావు కనుక అక్కడి సహజ వృక్షసంపద ఓక్ వంటి వెడల్పాకుల చెట్లతో కూడిన ఆకురాల్చు అడవి. చలికాలంలో ఆకును కాపాడుకోవడం కన్నా ఏటా కొత్తది వేసుకోవడమే ఆ చెట్లకు లాభం.

అయితే పట్టిక చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. తేమ ఎక్కువగా ఉండే సవన్నాల్లో, అంటే ఉష్ణమండల గడ్డిభూముల్లో, అడవికి చాలినంత వాన ఉన్నా గడ్డి రాజ్యమేలుతుంది, ఎందుకంటే ఎండాకాలపు మంటలు లేత చెట్లను ఎదగనివ్వవు. మంటలను ఆపిన చోట్ల క్రమంగా చెట్లు కమ్ముకుంటాయి. అలాగే పట్టిక లోయలోని వాతావరణ కేంద్రానిది, మీరు చూస్తున్నది కొండవాలు అయితే, ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలు తీసివేసి మళ్లీ మొదటి మెట్టు నుంచి చదవాలి. భూమధ్యరేఖ దగ్గరి పర్వతాలపై మాత్రం 10 డిగ్రీల గీతను పట్టుకుని కూర్చుంటే లెక్క తప్పుతుంది: అక్కడ శీతాకాలం లేదు, ఏడాదంతా పెరుగుదల కాలమే కాబట్టి, సగటు 7 డిగ్రీలకు పడిపోయే ఎత్తులో కూడా చెట్లు నిలబడతాయి.