రీల్ మీద ఫిల్మ్ ఎక్కకుండా మొరాయిస్తోందా
బరంపురం, ఛత్రపురం వైపు ఇంట్లోనే ఫిల్మ్ డెవలప్ చేసుకునేవాళ్ళకి ఒక మాట, మన సముద్రపు గాలికి, డెవలప్ చేసే ముందు ఫిల్మ్ చుట్టే ప్లాస్టిక్ రీల్‌లో కొంచెం చెమ్మున్నా ఫిల్మ్ సగం ఎక్కి అక్కడే అతుక్కుపోతాది. ముందురోజే పాత టూత్‌బ్రష్‌తో రీల్ గాడులు తోమి బాగా ఆరబెట్టండి, లోపలున్న చిన్న గుండ్లు గలగలా కదలాలి. ఫిల్మ్ మొదట్లో రెండు మూలలూ గుండ్రంగా కత్తిరించండి, ఫిల్మ్ అంచునున్న కన్నాల మీదుగా మాత్రం కొయ్యొద్దు. చేతులు దూర్చి పనిచేసే, వెలుతురు చొరని ఛేంజింగ్ బ్యాగ్‌లో చేతులు చెమటపట్టి ఫిల్మ్ ఇరుక్కుందంటే అస్సలు లాగకండి, మడత పడితే ఫొటోలో నెలవంకలా మచ్చ వచ్చేస్తాది, రీల్, ఫిల్మ్ అన్నీ డెవలప్ చేసే ట్యాంక్‌లో పెట్టేసి, రీల్ మధ్యలో దూర్చే గొట్టం కూడా (అది లేకపోతే వెలుతురు దూరిపోద్ది), మూత బిగించి చేతులు బయటికి తీసి, తుడుచుకుని కాసేపు ఫ్యాన్ కింద కూర్చుని మళ్ళీ మొదలెట్టండి. వర్షాకాలంలో అయితే ఏసీ గదిలో చేసుకోవడమే నయం.