బోధన్‌ను సైకిల్ మీద తీరిగ్గా ఎలా చూడాలి?

నిజామాబాద్ జిల్లా బోధన్ వెళ్లినవాళ్లు చాలామంది నేరుగా ఫ్యాక్టరీ కాలనీ షక్కర్‌నగర్‌కు పోయి, మూతపడ్డ నిజాం చక్కెర ఫ్యాక్టరీ ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. అలా చూస్తే తుప్పు తప్ప ఏమీ కనిపించదు. నా సలహా ఒక్కటే: ఫ్యాక్టరీ దగ్గర మొదలుపెట్టకండి. ముందు నీళ్లు, తర్వాత చెరకు పండిన నేల, ఆ తర్వాతే ఫ్యాక్టరీ. ఒక పూట చాలు.

బయల్దేరే ముందు

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. ఒకప్పుడు క్రషింగ్ సీజన్, అంటే ఫ్యాక్టరీలో చెరకు ఆడే కాలం కూడా ఇదే. ఎండాకాలం మాత్రం వద్దు. నిజామాబాద్ నుంచి 25 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఆర్టీసీ బస్సులు బాగానే ఉంటాయి. సైకిల్‌ను కారులో తెచ్చుకోవచ్చు, ఊళ్లో తెలిసినవాళ్లుంటే అడగొచ్చు. నేల చదునే, కాబట్టి గేర్లు అక్కర్లేదు. గట్ల మీద తుమ్మముళ్లుంటాయి, పంపూ ప్యాచ్ సామానూ మరిచిపోవద్దు.

మొదట కాలువ గట్టు

పొద్దున్నే ఊరి బయట నిజాంసాగర్ కాలువల వైపు తొక్కండి. మంజీరా మీద ఆ ప్రాజెక్టును 1923–1931 మధ్య ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టారు. ఈ నేలకు నీళ్లొచ్చిన కొన్నేళ్లకే, 1937లో, ఫ్యాక్టరీ పుట్టింది.

ఫ్యాక్టరీ ఇక్కడే ఎందుకంటే, కోసిన చెరకు ఆగదు. ఎండకు బరువు తగ్గుతుంది, రసంలో చక్కెర విరిగిపోతుంది. రోజు తిరిగేలోపు గానుగెక్కాలి. అందుకే సీజన్‌లో కాటా ముందు బండ్లు బారులు తీరేవి, రైతుకు తన వంతు వచ్చేదాకా టెన్షనే. దగ్గర్లో ఫ్యాక్టరీ లేకపోతే చెరకు వేసి లాభం లేదు. ఇప్పుడు మీకు ఎక్కువగా కనిపించేది వరి. పొలం దగ్గర పెద్దాయన ఎవరైనా ఉంటే దిగి, "కాకా, మీ దగ్గర చెరకు ఎప్పటిదాకా ఏసిన్రు?" అని అడగండి. తొందరపెట్టకుండా వినండి.

తర్వాత రైల్వే స్టేషన్ వైపు ఒక చుట్టు. జానకంపేట దగ్గర మెయిన్ లైను నుంచి చీలి వచ్చే రైలు లైను ఇక్కడితో ఆగిపోతుంది.

ఇక షక్కర్‌నగర్

ఇక్కడ వేగం బాగా తగ్గించండి, కుదిరితే దిగి నడిపించుకుంటూ వెళ్లండి. ఆసియాలోనే అతి పెద్దదని పేరు తెచ్చుకున్న ఫ్యాక్టరీ ఇది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో లేఆఫ్‌తో, అంటే కార్మికులకు పని ఆపేయడంతో, ఆగిపోయింది. అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి, కాపలావాళ్లను ఇబ్బంది పెట్టకండి. కాలనీలో జనం నివసిస్తున్న ఇళ్లను అడగకుండా ఫొటోలు తీయకండి.

పాత కార్మికులు టీకొట్టు దగ్గర కలిస్తే "మూతపడ్డాక ఎట్లా ఉంది?" అని మొదలుపెట్టొద్దు. "మీరు ఏ సెక్షన్‌లో చేసేవాళ్లండీ?" అని అడగండి. అది వాళ్ల పనికి ఇచ్చే మర్యాద. చక్కెర మిల్లులో పాన్ దగ్గర, అంటే పాకం కాచే పెద్ద పాత్ర దగ్గర, పనంటే మాటలు కాదు. చిక్కబడుతున్న పాకం నుంచి చుక్క తీసి, గాజుపలక మీద పూసి, వెలుతురుకు పట్టుకుని గింజ ఎంత కట్టిందో కంటితోనే పోల్చుకోవాలి. తొందరపడ్డా ఆలస్యమైనా చక్కెర పాడవుతుంది. పిప్పి బాయిలర్లలో ఎలా మండేదో, చక్కెర తీశాక మిగిలే మడ్డి, అదే మొలాసిస్, ఎటు పోయేదో కూడా అడగండి. జీతం బకాయిల మాట వాళ్లే ఎత్తితే వినండి, మీరుగా తవ్వొద్దు. ఇదంతా విన్నాక ఒకసారి పొగగొట్టం వైపు చూడండి.

పాత ఊరు

ఎండ ముదిరేలోపు పాత బోధన్‌కు మళ్లండి. దేవల్ మసీదు నక్షత్రాకారపు కట్టడం. మొదట గుడిగా కట్టింది తర్వాత మసీదైంది, ఆ రాతి స్తంభాలు చూసి తీరాలి. ఏకచక్రేశ్వరాలయం కూడా ఊళ్లోనే ఉంది. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని ఇక్కడివాళ్ల నమ్మకం. రెండు చోట్లా చెప్పులు విడిచి, ప్రార్థనలూ పూజలూ లేని వేళ చూసుకుని వెళ్లండి.

ఇంకా ఓపికుంటే మర్నాడు రెంజల్ మీదుగా కందకుర్తి వెళ్లండి. నిజాంసాగర్‌ను నింపిన మంజీరా అక్కడ గోదావరిలో కలుస్తుంది. రానుపోను దూరం ఎక్కువే, కాబట్టి పొద్దున్నే బయల్దేరి చీకటి పడకముందే తిరిగి వచ్చేయండి. లోతు తెలియని చోట నదిలో దిగకండి.